పైరుపొలములందలి అడవి తేనెటీగలను లెక్కించు విధానము

గుమ్మడి, దోస, కాకర పాదులకు పిందె పుట్టి, బొటనవ్రేలంత పెరిగి, పసుపుబారి రాలిపోవుట రైతులందరు ఎరిగినదే. పొద్దుతిరుగుడు పువ్వు పళ్లెమంత విచ్చినను నడిమి గింజలు తాలుపోవుటయు ఎరిగినదే. ఇట్టి నష్టమునకు ఎరువు చాలలేదనియు, తడి తప్పినదనియు, తెగులు సోకినదనియు కారణములు చెప్పుకొనుట వాడుక. ఇవి పెక్కుసార్లు నిజమే. కాని పుప్పొడి అందకపోవుటచేత పిందె రాలినదా యని ప్రశ్నించువారు అరుదు. ప్రశ్నించినను సమాధానము చెప్పగలవారు లేరు. ఏలయన నిరుడు ఆ పాదులమీద ఎన్ని ఈగలు తిరిగినవో, అంతకు ముందటి యేడు ఎన్ని తిరిగినవో ఎవరును వ్రాసి యుంచలేదు. వానను కొలుచుటకు పాత్ర కలదు. భూమిని కొలుచుటకు గొలుసు కలదు. గింజను కొలుచుటకు తూకము కలదు. పువ్వునుండి పువ్వునకు పుప్పొడి మోయు ఈగలకు మాత్రము కొలత లేకయే సేద్యము సాగుచున్నది.

ఈ కొలత కష్టమైనది కాదు. ఒక నోటుపుస్తకము, ఒక పెన్సిలు, ఒక గడియారము, ఏటేట అదే చోట అదే విధముగ చూచు ఓర్పు ఉన్నయెడల చాలును. ఓర్పే వీనిలో దుర్లభము.

ఏ ఈగలను లెక్కింపవలెను

తేనెటీగ యనగానే పట్టు పెట్టి తేనె కూర్చునదియే స్ఫురించును. కాని లోకమున ఇంతవరకు పేరిడబడిన తేనెటీగ జాతులు 20,000 కు పైబడినవి. భారతదేశమున కనబడినవి ఏడువందలకు మించును. వీనిలో తేనె కూర్చి గుంపుగ నుండునవి కొలదిమాత్రమే. తక్కినవానిలో అధికభాగము ఒంటరి ఈగలు. ఒక్కొక్క ఆడుఈగ తానే నేలలోనో, ఎండుపుల్లలోనో, గోడపగులులోనో గూడు కట్టి, పుప్పొడియు మకరందమును కలిపి ముద్దచేసి, దానిమీద గ్రుడ్డు పెట్టి, గది మూసి పోవును. దీనికి పట్టు లేదు, పిండుకొన తేనె లేదు. అందుచేతనే దీనికి లెక్కయు లేకపోయినది. చార్లెస్ థామస్ బింగుహాము 1897 లో ప్రకటించిన గ్రంథమున ఆనాటి బ్రిటిషు ఇండియాలోని కందిరీగలతోపాటు తేనెటీగలును వర్ణింపబడినవి. నేటికిని ఈ దేశపు ఈగల పేర్లు తేల్చువారు ఆ గ్రంథమును తిరగవేయక తప్పదు.

పెట్టెలలో తేనెటీగలను పెంచినచో అడవి ఈగలతో పనిలేదని కొందరి తలంపు. ఇది సరికాదు. లోకమందలి 41 విధముల పైరు సేద్యములకు సంబంధించిన 600 పొలములను పరిశీలించి 2013 లో ప్రకటించిన ఫలితమునుబట్టి, పువ్వులపై అడవి పురుగుల రాక కొంత పెరిగినప్పుడు కాయ పట్టుట ఎంత హెచ్చెనో, పెంపుడు తేనెటీగల రాక అంతే పెరిగినప్పుడు అందులో సగమే హెచ్చినది. ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికా ఖండములలోని 344 పొలములను గూర్చి 2016 లో వెలువడిన మరియొక పరిశోధనము చిన్న కమతముల రైతులకు మరింత ముఖ్యమైనది. అయిదు ఎకరములకు లోబడిన పొలములలో మంచి దిగుబడికిని తక్కువ దిగుబడికిని గల వ్యత్యాసములో నూటికి 24 వంతులు పువ్వులపై వాలు పురుగులు హెచ్చినమాత్రముననే పూడ్చవచ్చునని అందు తేలినది.

కంది విషయము వేరు. కందిపువ్వు తన పుప్పొడితోనే కాయ పట్టగలదు. అయినను ఈగలు దానిని మిక్కిలి ఇష్టపడి, ఒక మొక్క పుప్పొడిని మరియొక మొక్కకు చేర్చుచుండును. కందివిత్తనము ఏండ్లు గడచినకొలది కలిసిపోవుటకు కారణమిదియే. ఈ స్వభావమునే లాభముగ మార్చుకొని, 1972 లో పటాన్‌చెరువున నెలకొన్న ఇక్రిశాట్ సంస్థవారు సంకర కందిని రూపొందించిరి, అందు ఐ.సి.పి.హెచ్. 2671 అను రకము 2010 లో విడుదలయ్యెను. ఈ విత్తనము పండించు చేనిలో ఆడువరుసల మొక్కలకు పనికివచ్చు పుప్పొడి ఉండదు. ప్రక్కవరుసనుండి ఈగ తెచ్చి అంటించిననే కాయ, లేనియెడల ఆకే. అట్టి విత్తనపు చేను వేయు రైతు ఈగలను లెక్కింపక ఎకరములు నిర్ణయించుట బావిలోని నీరు చూడక నాటు వేయుటవంటిది.

గుంపులుగ గుర్తించుట

రైతునకు లాటిన్ పేర్లతో నిమిత్తము లేదు. కంటికి తెలియు గుంపులుగ విడదీసి లెక్కించిన చాలును. ముందుగ ఈగయా, కందిరీగయా, దోమజాతి పురుగా యని తెలిసికొనవలెను. తేనెటీగజాతికి రెక్కలు రెండు జతలు. పేడయీగ, జోరీగ జాతులకు ఒకటే జత, మీసములు పొట్టివి, కన్నులు తలనిండ నుండును. ఇవి కొన్ని తేనెటీగవలెనే పసుపునలుపు చారలు దాల్చి కన్నులను మోసగించును. అయితే ఇవి గాలిలో ఒకచోట కదలక నిలిచి, చటుక్కున ప్రక్కకు జరుగును. కందిరీగ నున్నగ, నడుము సన్నగ నుండును. తేనెటీగల ఒడలు నూగుతో నుండి, వెనుక కాళ్లకో పొట్ట అడుగుననో పుప్పొడి అంటియుండును.

మెట్టపొలములలో సాధారణముగ కనబడు గుంపులు ఇవి. పెద్ద తేనెటీగ: ఎత్తైన చెట్లకును కొండచరియలకును ఒకే వెడల్పైన పట్టు పెట్టునది. పుట్ట తేనెటీగ: చెట్టుతొర్రలలోను పుట్టలలోను పలు పట్టులు పెట్టునది, పెట్టెలలో పెంచబడునదియు ఇదియే. చిన్న తేనెటీగ: పొదలలో ఒక పుల్లకు అరచేయంత పట్టు పెట్టునది. ఇవికాక గోడరంధ్రములలో మైనపు గొట్టమువంటి ద్వారముతో నివసించు కుట్టని సన్న ఈగ యొకటి కలదు. ఇది చీమరెక్కల పురుగంత ఉండి నల్లగ నుండును. ఐరోపా తేనెటీగ 1962 లో నగ్రోటాయందు స్థిరపడిన పిమ్మట దేశమంతట పెట్టెలలో వ్యాపించినది. దగ్గరలో ఆ పెట్టెలున్నచో దానిని వేరు గడిలో వ్రాయవలెను, అడవి ఈగలలో కలుపరాదు.

ఒంటరి ఈగలలో తుమ్మెదను ఎరుగనివారు లేరు. ఇది ఎండుకర్రను తొలిచి గూడు చేయును. తంగేడు పూచినచోట దీని రొద వినబడక మానదు. ఆకుకోయు ఈగ మరియొకటి: గులాబి, కంది ఆకుల అంచున కత్తెరతో కోసినట్లు అర్ధచంద్రాకారముగ ముక్క తీసి గూటికి కొనిపోవును, పుప్పొడిని పొట్ట అడుగున మోయును. కందిచేలలో దీని రాక అధికము. ఆకుకోతను చూచి పురుగుమందు చల్లు రైతులు కలరు. మొక్కకు ఈ కోతవలన కలుగు నష్టము అత్యల్పము, ఈ ఈగవలన చేనికి కలుగు సహాయము మాత్రము అట్టిది కాదు. నీలిచారల ఈగ పొట్టమీద మెరయు నీలపు పట్టీలుండి, పువ్వును పట్టుకొని ఝుమ్మని కంపించును. వంగ, టమాట పువ్వుల పరాగకోశములకు కొనయందు సన్న రంధ్రములు మాత్రమే యుండుటచేత, ఇట్లు కంపించిననే పుప్పొడి రాలును. పుట్ట తేనెటీగకు ఈ విద్య లేదు. కావున వంగతోటలో తేనెపెట్టెలు పెట్టి కాయ హెచ్చునని ఎదురుచూచుట వ్యర్థము. అచ్చట నీలిచారల ఈగను, తుమ్మెదను, నేలయీగలను లెక్కింపవలెను. నేలయీగలనగా గట్లమీదను బాటలమీదను నేలలో బొరియ చేసికొను చిన్న, నడితరపు ఈగలు. ఇవి గాక ఎండుపుల్లల మెత్తని బెండును తొలిచి నివసించు సన్నని నల్ల, ఆకుపచ్చ ఈగలు కలవు. గడ్డిచామంతి పూలమీద ప్రొద్దుట చూచిన కనబడును. ఏ గుంపునకు చేరినదో తెలియని ఈగను ‘తెలియనిది’ యని వ్రాయవలెను. ఊహించి వ్రాసిన పేరు తెలియని పేరుకంటె చెడ్డది.

నడచి లెక్కించుట

ఇది రైతునకు తగిన మొదటి పద్ధతి. ఈగలను చంపు పని లేదు. చేనిలో 100 గజముల పొడవున ఒక బాట ఎంచి, రెండు చివరల గూటములు పాతవలెను. ఆ బాటవెంట మెల్లగ నడచుచు, ఇరుప్రక్కల ఒక్కొక్క గజము మేర పువ్వులమీద వాలియున్న ఈగలను గుంపువారీగ గీతలు గీయుచు లెక్కింపవలెను. పదునైదు నిముషములలో బాట ముగియవలెను. ఎగిరిపోవు ఈగను లెక్కలో చేర్చరాదు. వెనుకకు తిరిగి చూచి మరల లెక్కింపరాదు. నీడ పువ్వులమీద పడకుండ ఎండకు ఎదురుగ నడచుట మంచిది.

ఇట్టి బాటలు రెండుండవలెను: ఒకటి గట్టుకు ఆనుకొని, రెండవది చేని నడుమ. ఇందు గొప్ప రహస్యము కలదు. సన్న ఈగలు గూటినుండి కొన్ని వందల గజములకు మించి మేతకు పోజాలవు. ఒడలు పెద్దదైనకొలది దూరము పోగలవు. గట్టుమీద పొదలు, చెట్లు, దున్నని నేల ఉన్నచో గట్టుబాటలో సన్న ఈగలు హెచ్చుగను, నడిమిబాటలో తక్కువగను ఉండును. ఈ తేడా ఎంత హెచ్చైన అంత స్పష్టముగ ఆ ఈగల నివాసము గట్టుననే కలదని తేలును. ఉదాహరణమునకు పొద్దుతిరుగుడు చేనిలో గట్టుబాట యందు నూరు పువ్వులకు 14 ఈగలును, నడిమిబాట యందు నూరింటికి 5 ఈగలును కనబడెననుకొన్నచో, కోతనాడు రెండుచోట్లనుండి పది పదేసి పువ్వులు కోసి తాలుగింజలను నిండుగింజలను వేరు చేసి చూడవలెను. నడిమి పువ్వులలో తాలు హెచ్చైనచో రైతు తన గట్టు విలువను రూపాయలలో తెలిసికొన్నవాడగును. అట్లు కాక తాలు రెండుచోట్ల సమానమైనచో లోపము ఈగలలో లేదు. తడిలోనో, విత్తనములోనో వెదకవలెను.

పువ్వులు దట్టముగ నున్న చోట నడకకంటె నూరుపువ్వుల లెక్క సులభము. వరుసవెంట పోవుచు విచ్చిన పువ్వులను ఒక్కొక్కటిగ నూరు చూచి, చూచిన క్షణమున ఎన్నింటిమీద ఈగ ఉన్నదో వ్రాయుటయే ఇది. ఈ లెక్కకు ఒక లాభము కలదు. పూత తక్కువైన దినమునను, హెచ్చైన దినమునను వచ్చిన సంఖ్యలను సరిపోల్చవచ్చును. పూత విరగబూచినప్పుడు ఉన్న ఈగలే పెక్కు పువ్వులమీద చెదరి పలుచబడును. ప్రక్క రైతు పదియెకరముల పొద్దుతిరుగుడు విచ్చిన వారమున దోసపాదులమీద ఈగలు మాయమగును. అవి చచ్చినవి కావు, విందుకు పోయినవి. అందుచేత చుట్టుప్రక్కల ఏ పైరు పూతలో నున్నదో కూడ పుస్తకమున వ్రాయుట అవసరము.

2017 లో బ్రిటనునందు ప్రారంభమైన ఈగల లెక్కలో సామాన్యజనులు అర మీటరు చదరపు పూలపట్టును ఎదుట నుంచుకొని పది నిముషములు కూర్చుండి, వచ్చిన పురుగులన్నిటిని గుంపువారీగ వ్రాయుదురు. తీరిక తక్కువైన రైతునకు, బడికి పోవు పిల్లలకు ఇది చాల అనుకూలము.

ఏ వేళ చూడవలెను

అన్ని పైరులను ఒకే గంటకు చూచినచో లెక్క తప్పును. గుమ్మడిపువ్వు తెల్లవారుజామున విచ్చి మధ్యాహ్నమునకు ముందే వాడిపోవును; దానిని ఉదయము 6 గంటలకును 9 గంటలకును నడుమ చూడవలెను. నువ్వుపువ్వును ప్రొద్దుటనే చూడవలెను. పొద్దుతిరుగుడును 8 నుండి 11 గంటలలోపల చూచుట మంచిది. కందిమీద ఎండ కాగిన తరువాత, 10 గంటలనుండి ఈగలు పుంజుకొనును. చలికాలపు మంచు ఆరకముందు పోయి ఈగలు లేవనుట అన్యాయము. బీర సాయంకాలమున విచ్చును. సొరపువ్వు చీకటిపడు వేళ విచ్చుటచేత దానిమీద రాత్రి తిరుగు రెక్కల పురుగులే హెచ్చు. ఆ పైరునకు ఈ లెక్క చాలదు.

మబ్బుపట్టిన దినమున, వాన జల్లు పడిన వెంటనే, పొలములోని గడ్డి వాలిపోవునంత గాలి వీచునప్పుడు లెక్క పనికిరాదు. వేసవి మధ్యాహ్నపు మండుటెండలోను అంతే. పూత మొదలైన తరువాత వారమునకొకసారి చొప్పున, పూత ముగియువరకు, నాలుగైదు మారులైనను చూడవలెను. ఒక్కనాటి లెక్కకు విలువ లేదు.

గూళ్లను చూచుట

పువ్వులమీది లెక్క ఈగలు ఎక్కడ తినుచున్నవో చెప్పును. ఎక్కడ కాపురమున్నవో చెప్పదు. తేనెటీగజాతులలో అధికసంఖ్య నేలలో గూడు కట్టునవి. గట్టుమీద ఎండ తగులు, గడ్డి పలుచనైన చోట పది గజముల మేర ఎంచి, ఉదయము పది నిముషములు కూర్చుండి చూచినచో పెన్సిలంత బొరియలనుండి ఈగలు వచ్చుటయు పోవుటయు తెలియును. ఈగ దూరిన ప్రతి బొరియప్రక్కను ఒక పుల్ల గుచ్చి, చివరకు పుల్లలను లెక్కింపవలెను. చీమల పుట్టనుండి చీమలు బారులు తీరి వచ్చును. ఈగబొరియ చుట్టు సన్నమట్టి కుప్పగ నుండి, ఒక్కొక్క ఈగయే వచ్చుచుండును. ఏటేట గట్టును చెక్కి, తగులబెట్టి శుభ్రము చేయు గ్రామములలో ఈ పుల్లల లెక్క ఎంత త్వరగ శూన్యమునకు వచ్చునో చూచుకొనవచ్చును.

పుల్లలలో కాపురముండు ఈగలకు రైతే గూడు పెట్టి పిలువవచ్చును. వెదురు, రెల్లు ముక్కలను ఒక జానెడు పొడవున, ఒక ప్రక్క కణుపు మూసియుండునట్లు కోసి, చిటికెనవ్రేలు దూరునంత వెడల్పునుండి బియ్యపుగింజ పట్టునంత సన్నము వరకు పలు పరిమాణములవి ఇరువది ముప్పది కట్టగట్టవలెను. కట్టను తూర్పుముఖముగ, నేలకు నాలుగైదు అడుగుల ఎత్తున, వాన తగలని చోట వ్రేలాడదీయవలెను. వ్రేలాడదీసిన తీగకు కందెన పూసిననే చీమలు ఎక్కవు. ఇది మరచిన కట్టలు చీమలపాలగును. నెలకొకసారి చూచి మూసిన గొట్టములను లెక్కింపవలెను. ఆకుముక్కలతో మూసినది ఆకుకోయు ఈగ. మట్టితో మూసినది పెక్కుసార్లు కందిరీగ, అప్పుడప్పుడు ఈగ. ఏ గొట్టములు నిండినవో చూచినచో ఆ ప్రాంతమున ఏ పరిమాణపు ఈగ కలదో తెలియును. అయితే నేలయీగలు ఈ కట్టలకు రావు కావున కట్ట ఖాళీగ నున్నదని గ్రామమున ఈగలు లేవనుకొనరాదు.

పెద్ద తేనెటీగ పట్టులను చెట్లవారీగ లెక్కించుట ఎవరికైనను తెలిసినదే. అయితే ఇది పూతనుబట్టి వలసపోవు జాతి. ఒక కాలమున మర్రికి పది పట్టులుండి, మరియొక కాలమున ఒక్కటియు లేకపోవచ్చును. వేసవి లెక్కను వేసవితోను, చలికాలపు లెక్కను చలికాలముతోను సరిపోల్చవలెను.

రంగు గిన్నెలు

పసుపు, తెలుపు, నీలపు రంగులు పూసిన గిన్నెలలో సబ్బు కలిపిన నీరు పోసి పూత ఎత్తున నిలిపినచో, పువ్వులనుకొని ఈగలు దిగి మునిగిపోవును. ఐరోపాలోని పలు దేశములలో ఆరు పద్ధతులను ప్రక్కప్రక్కన పరీక్షించి 2008 లో ప్రకటించిన ఫలితమునుబట్టి, జాతుల సంఖ్యను తెలిసికొనుటకు ఈ గిన్నెలే అన్నిటికంటె మేలైనవి. చూచువాని నేర్పు కొరత వీనికి అంటదు. నడచి లెక్కించుట దాని తరువాతిది.

అయినను ఈ పద్ధతిని రైతులు తమంతట అవలంబించుట మంచిది కాదు. మొదటిది, ఇది చంపును. రెండవది, ఇది మోసగించును. చుట్టును పూత దట్టముగ నున్నప్పుడు నిజమైన పువ్వులతో గిన్నెలు పోటీపడలేక తక్కువ ఈగలను పట్టును. పూత తరిగినప్పుడు హెచ్చుగ పట్టును. కావున పూతలో నున్న చేనిలో ఈగలు తగ్గినవని గిన్నె చెప్పు మాట తలక్రిందులై యుండవచ్చును. తుమ్మెద, పెద్ద తేనెటీగ వంటి పెద్దవి ఇందులో చాల అరుదుగ పడును. శాస్త్రజ్ఞులు వచ్చి కొన్ని దినములు పెట్టినచో రైతు ఒప్పుకొనవచ్చును. నడక లెక్కకు బదులుగ మాత్రము కాదు. వలతో పూతను ఊచి పట్టుటయు పూతను రాల్చునది గనుక పైరులో తగదు.

పుస్తకము వ్రాయుట

ప్రతి లెక్కకు ఒక పంక్తి. తేది, గంట, ఎండ, గాలి, పైరు పేరు, పూతదశ, బాట పేరు, చూచిన పువ్వులు, గుంపువారీగ ఈగలు, చూచినవారి పేరు. దీని ప్రక్కననే మందు చల్లిన తేదియు, మందు పేరును వ్రాయవలెను. ప్రక్కచేని వారు చల్లినదియు తెలిసినంతవరకు వ్రాయవలెను. ఈగ ఒక్కటియు కనబడని దినమున సున్న వ్రాయవలెను. సున్న వ్రాయుటకు విసుగుచెంది ఆ దినమును వదలివేసిన పుస్తకము ఈగలు ఎల్లప్పుడు ఉన్నట్లే చూపును. ఈ లెక్కలను చెరచు దోషములలో ఇదియే పెద్దది.

ఇరువురి కన్నులు ఒక్కటి కావు. కొడుకో జీతగాడో లెక్క కొనసాగించునప్పుడు మొదట రెండుమారులు ఇద్దరును కలిసి నడచి, వేర్వేరుగ వ్రాసి, తరువాత పోల్చుకొనవలెను. పిల్లలు సన్న ఈగలను పెద్దలకంటె బాగుగ చూతురు.

లెక్కకు అర్థము కావలెనన్న మరియొక చిన్న పరీక్ష చేయవచ్చును. గుమ్మడిపాదులలో మరునాడు విచ్చబోవు ఆడుమొగ్గలు ముప్పది ఎంచి, సాయంకాలమున పదింటికి దోమతెర గుడ్డసంచి తొడిగి, పదింటిని ఊరక వదలి, మరునాటి ప్రొద్దుట తక్కిన పదింటికి మగపువ్వు పుప్పొడిని చేతితో పుష్కలముగ అంటించవలెను. సంచిలోనివి దాదాపు అన్నియు రాలిపోవును. చేతితో అంటించినవానిలో తొమ్మిది నిలిచి, ఊరక వదలినవానిలో నాలుగే నిలిచినచో ఈగల కొరత కంటికి కట్టినట్లు తెలియును. రెండును సమానముగ నిలిచినచో ఉన్న ఈగలు చాలును. వానిని కాపాడుకొనిన చాలును. 2011 లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థవారు వెలువరించిన పద్ధతి పుస్తకము పుప్పొడి కొరతను కనుగొనుటకే ఉద్దేశింపబడినది.

ఈ లెక్కలవలన మందు చల్లు వేళ కూడ తేలును. ఏ గంటకు ఈగలు చేనిని విడిచిపోవునో పుస్తకమున నున్నది గదా. చల్లకతప్పని మందును ఆ గంట దాటిన తరువాత, సాయంకాలముననే చల్లవలెను. చల్లుటకు ముందునాటి లెక్క, చల్లిన మూడవనాటి లెక్క, పదవనాటి లెక్క ప్రక్కప్రక్కన నుంచినచో ఏ మందు ఈగలను ఎంత దూరము చేసినదో అంగడివాని మాట వినకయే తెలిసికొనవచ్చును.

ఈ లెక్క ఏమి చెప్పగలదు, ఏమి చెప్పజాలదు

ఒక రైతు పుస్తకము అతని చేనిని గూర్చి చెప్పును. జిల్లాలో ఈగలు తగ్గుచున్నవో లేదో అది తేల్చజాలదు. ఏలయన ఈగలు ఒక యేడు హెచ్చుటయు మరియొక యేడు తగ్గుటయు సహజము. ఏటికి నూటికి రెండు మొదలు అయిదు వంతుల తగ్గుదలను కనుగొనుటకు 200 మొదలు 250 చోట్ల అయిదేండ్ల వ్యవధిలో రెండుమారులు లెక్కింపవలెనని 2013 లో శాస్త్రజ్ఞులు గణించిరి. ఇది శాస్త్రజ్ఞుల చేతులకు పెద్ద సంఖ్య. రైతుల చేతులకు కాదు. ఒక తాలూకాలో ఊరికిద్దరు రైతులు ఒకే పద్ధతిని పట్టినచో ఆ సంఖ్య దొరకును. అయితే అందరి బాట పొడవు, అందరి గంట, అందరి గుంపుల పేర్లు ఒకటే కావలెను. తన వసతికొరకు ఒకరు బాటను ఏబది గజములు చేసి, మరియొకరు అరగంట నడచినచో ఆ పుస్తకములు కుప్పవేసినను ఒక లెక్క కాజాలవు.

గుంపువారీ లెక్కకు మరియొక కొరత కలదు. నేలయీగలని ఒక గడిలో వ్రాసినవానిలో పది జాతులుండవచ్చును. అందు ఆరు నశించి, నాలుగు వృద్ధిచెందినను గడిలో సంఖ్య మారదు. జాతుల వైవిధ్యము తగ్గిన సంగతి అప్పుడు పుస్తకమున కనబడదు. ఒక జాతికి చెడు కాలము వచ్చిన యేట దాని పని చేయుటకు వేరొక జాతి లేకపోయినప్పుడే కనబడును. దీనికి మందు, రెండు మూడేండ్లకొకసారి నిపుణులచేత జాతులను తేల్పించుటయే. ముందుగ చేతిఫోనుతో ఈగను పైనుండియు, ప్రక్కనుండియు, తలవైపునుండియు ఛాయాచిత్రములు తీయవలెను. తుమ్మెద, నీలిచారల ఈగ వంటివి చిత్రముతోనే చాలవరకు తెలియును. సన్న ఈగలకు చిత్రము చాలదు. అట్టివానిలో గుంపునకు నాలుగైదింటికి మించకుండ సీసాలో పట్టి, చచ్చిన తరువాత నీడన ఆరబెట్టి, దూదితో కూడిన అగ్గిపెట్టెలో నుంచవలెను. ప్రతిదాని ప్రక్కను చిన్న చీటిమీద పెన్సిలుతో ఊరు, తేది, ఏ పువ్వుమీద దొరికినది, పట్టినవారి పేరు వ్రాయవలెను. సిరాతో వ్రాసినది చెమ్మకు చెదరును. చీటి లేని ఈగ ఎంత అపురూపమైనదైనను ఎవరికిని పనికిరాదు. ఇట్టి పెట్టెలను రాజేంద్రనగరునందలి వ్యవసాయ విశ్వవిద్యాలయపు కీటకశాస్త్ర శాఖకు చూపవచ్చును. అచ్చట తేలనివి బెంగుళూరునందలి జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థకు పోవును. పేర్లు తెలిసి వచ్చిన తరువాత వానిని ఆ యేటి పుస్తకపు చివరి పుటలో, ఏ గుంపులోని ఈగకు ఏ పేరో తెలియునట్లు, ఎత్తి వ్రాసికొనవలెను.